బంజారాహిల్స్‌కు జేజేలు

తల్లీ బంజారాహిల్స్, నీకూ నీ చెల్లెలు జూబ్లీహిల్స్‌కూ కలిపి దండం పెడుతున్నాను. హైదరాబాద్‌లో ఏ పేట గొప్ప ఆ పేటకుంది. పాతబస్తీకి చార్మినార్ అంత వయసుంది. సికింద్రాబాద్‌కు లష్కర్ బోనాలున్నాయి. కోఠీకి పుస్తకాలున్నాయి. నీకున్న ఘనత మాత్రం వేరే ఎవరికీ లేదు. సుమారు 250 కోట్ల ఏళ్లు ఎండకూ వానకూ గాలికీ లొంగని రాయి నీకు లొంగింది. అందుకు నీకు నిండా వందేళ్లు కూడా పట్టలేదు.

ముందు ఆ రాయి సంగతే చెప్పాలి, నీ వైభవానికి పునాది అదే కాబట్టి. భూమి లోతుల్లో కరిగి ఉన్న శిల నెమ్మదిగా చల్లారి గ్రానైట్ అయింది. పైనున్న పొరలు యుగాల తరబడి అరిగిపోతే అది బయటపడింది. నిలువుగా, అడ్డంగా పడ్డ పగుళ్లలోకి నీరు దిగింది. అంచులు తినేసింది, మూలలు గుండ్రం చేసింది. మధ్యనున్న మట్టి వానలకు జారిపోయాక మిగిలినవే నీ బండలు. ఒకదాని మీద ఒకటి, ఇప్పుడే దొర్లిపోతాయేమో అన్నట్టు నిలబడి ఉంటాయి. దక్కనులో ఇలాంటి గుట్టలు చాలా ఉన్నాయి కానీ, ఒక మహానగరం నడిమధ్య, ఇళ్ల నడుమ, ఇంత విరివిగా ఉండటం అరుదు. ఆ సంపద నీకు ఊరికే దక్కింది. దానితో ఏం చేయాలో నీకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియలేదు.

నీ దగ్గరికి మొదట వచ్చినాయనకు అయితే అసలే తెలియలేదు. మెహదీ నవాజ్ జంగ్ నిజాం కొలువులో ఉన్నతోద్యోగి. అప్పట్లో ఇదంతా ఊరి బయట, షేక్‌పేట వైపు, లంబాడీలు మసలే గుట్టలు. పెద్దవాళ్లెవరూ ఇల్లు కట్టుకోవాలనుకోని చోటు. ఆయన ఇక్కడికి వచ్చి, బండలను అలాగే ఉంచి, వాటి చుట్టూ ఇల్లు కట్టుకున్నారు. దానికి ‘బంజారా భవన్’ అని చుట్టుపక్కలవాళ్ల పేరే పెట్టుకున్నారు. 1933లో హైదరాబాద్ వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ కొండల్లోనే బస చేశారు. ఈ రాళ్లను చూసి కవిత రాశారు. నవాజ్ జంగ్ తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రి అయ్యారు, 1960లో గుజరాత్‌కు తొలి గవర్నర్ అయ్యారు. రెడ్‌హిల్స్‌లోని కాన్సర్ ఆసుపత్రికి ఉన్నది ఆయన పేరే. ఇన్ని పదవులు నడిపిన మనిషికి, అడ్డం వచ్చిన బండను లేపేయవచ్చునన్న చిన్న ఆలోచన తట్టలేదు. ఆయన తర్వాత నీ ఒడిలోకి వచ్చినవాళ్లు ఎంత చురుకైనవాళ్లో! దాదాపు అందరికీ తట్టింది.

1962లో చల్లగళ్ల నరసింహారెడ్డి అనే ఐఏఎస్ అధికారి చొరవతో నీ చెల్లెలికి సహకార గృహ నిర్మాణ సంఘం ఏర్పడింది. వెయ్యి ఎకరాలకు పైగా గుట్టలూ ముళ్లపొదలూ ప్లాట్లయ్యాయి. తొలినాళ్లలో ఆ రాళ్ల మధ్య ఎవరుంటారని చాలామంది వెనకాడారంటారు. మద్రాసు నుంచి తెలుగు సినిమా తరలి రావాలని పట్టుబట్టిన అక్కినేని నాగేశ్వరరావు వెనకాడలేదు. నీ రాతి వాలులో 22 ఎకరాల్లో అన్నపూర్ణ స్టూడియో కట్టి 1976 సంక్రాంతికి తలుపులు తెరిచారు. ఆ తర్వాత ఫిల్మ్‌నగర్ వచ్చింది, గుట్ట మీద రామానాయుడు స్టూడియో వచ్చింది. తెలుగు సినిమాకు సొంత గడ్డ మీద ఇల్లు దొరికింది నీ వల్లే. దీన్ని ఏ మినహాయింపూ లేకుండా ఒప్పుకుంటాను.

ఒప్పుకోవలసినవి ఇంకా ఉన్నాయి. రోడ్డు నంబర్ 2లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. సినిమాల్లో సంపాదించిన కుటుంబం ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇస్తే, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన సంస్థ అది. డబ్బు లేనివాళ్లకు కూడా అక్కడ అదే వైద్యం అందుతుంది. భార్య బసవతారకం కాన్సర్‌తో పోయాక ఎన్టీఆర్ తలపెట్టిన ఆసుపత్రి 2000లో నీ దగ్గరే మొదలైంది. 1992లో అక్కినేని అమల పెట్టిన బ్లూక్రాస్ గాయపడ్డ మూగజీవాలకు నీడ ఇస్తోంది. ఒక ఫొటోగ్రాఫర్ ఇంటిని ఆయన బంధువులు 2010లో అందరికీ తెరిచి ‘లామకాన్’ అన్నారు. అక్కడ నాటకం, పాట, వాదన, ఇరానీ చాయ్, సమోసా అన్నీ దొరుకుతాయి. డబ్బున్నవాడూ లేనివాడూ ఒకే మెట్టు మీద కూర్చుంటారు. ఆ వేదిక పక్కన ఒక పెద్ద బండ ఉంది, దాన్ని ఎవరూ కొట్టలేదు. నవాజ్ జంగ్‌కు నీ దగ్గర వారసులు పూర్తిగా కరువు కాలేదనడానికి అది రుజువు. ఇంత చేయగల దానివి, తల్లీ. మిగతావి చేసింది కూడా ఈ చేతులే అనుకుంటే నీ శక్తి ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

ఆ శక్తిని చూడాలంటే నీ సందుల్లో ఇప్పుడు ఇల్లు కడుతున్న చోటికి వెళ్లాలి. పాత పెంకుటింటినో, 70ల నాటి తోట బంగళానో పడగొట్టి, హద్దు నుంచి హద్దు దాకా సెల్లార్ తవ్వుతారు. ఒకటి చాలకపోతే దాని కింద ఇంకొకటి. మట్టి మూడు నాలుగు అడుగులే ఉంటుంది, ఆ కింద అంతా బండే. దానిలోకి రంధ్రాలు వేసి పగలగొట్టి, రాత్రిపూట టిప్పర్లకెత్తి పంపుతారు. పక్కింటి గోడలు అదురుతాయి, ముసలివాళ్లకు నిద్ర ఉండదు. ఠాగూర్‌ను నిలబెట్టిన రాయి కంకరై, ఇంకెక్కడో శ్లాబులో కలుస్తుంది. దాని స్థానంలో నాలుగు కార్లు నిలుస్తాయి. ఇల్లు పూర్తయ్యాక ముందరి తోటలో అలంకారానికి, ఊరి బయటి నుంచి లారీలో తెప్పించిన నున్నటి రాళ్లు పేర్చడం నేను చూశాను. రాళ్లంటే నీకు ఇష్టం లేదని ఎవరూ అనలేరు.

రాళ్లను కాపాడాలని కొందరు 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పెట్టారు. వాళ్ల పట్టుదల వల్ల ఈ నగరపు శిలల్లో తొమ్మిది చోట్లను వారసత్వ సంపదగా ప్రభుత్వం జాబితాకెక్కించింది. ఒక నగరం తన భవనాలతో పాటు సహజంగా ఏర్పడిన రాళ్లకు కూడా అలా గౌరవం ఇవ్వడం గొప్ప విషయం. అందులో నీ వాటా చిన్నది కాదు. బ్లూక్రాస్ పక్కనున్న పుట్టగొడుగు ఆకారపు బండ, జూబ్లీహిల్స్‌లో స్తంభంలా నిటారుగా నిలిచిన శిల, ఫిల్మ్‌నగర్ దగ్గరి రాక్షసాకారపు రాయి, అన్నీ ఆ జాబితాలోవే. జాబితాకు బలమిచ్చిన పదమూడో నిబంధనను 2015లో తొలగించారు. నీ ఇళ్లలో నివసించే మంత్రులు, న్యాయవాదులు, పెద్ద అధికారులు, పత్రికాధిపతులు తలచుకుంటే ఎంతటి ఉత్తర్వైనా ఆగుతుంది, ఎంతటి ఉత్తర్వైనా వస్తుంది. ఈ ఒక్క ఉత్తర్వు దగ్గర వాళ్లు చూపిన సహనాన్ని మెచ్చుకోక తప్పదు.

ఇక నీళ్ల విషయంలో నీ దాతృత్వం ఊరంతటికీ అందుతోంది. గ్రానైట్ నీళ్లను పీల్చుకునే రాయి కాదు. దాని పగుళ్లలో, పైనున్న సగం మెత్తబడ్డ పొరలో మాత్రమే నీరు నిలుస్తుంది. అందుకే గుట్టల మధ్య పల్లాల్లో కుంటలు ఏర్పడ్డాయి. వాన బండల మీద జారి, పొదల వేళ్ల దగ్గర ఆగి, కుంటలో చేరి, మెల్లగా లోపలికి ఇంకేది. సెల్లార్లు ఆ మెత్తటి పొరనే తవ్వి తీసేశాయి. మిగిలినదాని మీద సిమెంటు పరిచారు. ఇప్పుడు గంట సేపు గట్టి వాన పడితే నువ్వు ఒక్క చుక్క కూడా దాచుకోవు, అంతా కిందికి పంపిస్తావు. పంజాగుట్ట, సోమాజిగూడ, అమీర్‌పేట వాళ్లు మోకాళ్ల లోతు నీళ్లలో బండ్లు తోసుకుంటూ నీ ఉదారతను అనుభవిస్తారు. మళ్లీ ఎండలు ముదరకముందే నీ బోర్లు ఎండుతాయి, ట్యాంకర్లు గేర్లు మార్చుకుంటూ నీ ఎత్తులెక్కుతాయి. ఆ నీళ్లు ఏ ఊరి నేల కిందివో అడగవు. అడగకుండా తీసుకోవడం పెద్దింటి మర్యాద కాబోలు.

నీ పేరున్న చెరువు ఉండనే ఉంది, హమీద్‌ఖాన్ కుంట అనీ అంటారు. దాని ఒడ్డున పెద్ద హోటల్ వెలిసింది. నీళ్ల వైపు గదులకు ఒకప్పుడు ఎంత గిరాకీ ఉండి ఉంటుందో ఊహించగలను. ఇప్పుడు ఎండాకాలం సాయంత్రం ఆ పక్క నడిస్తే ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. హుస్సేన్‌సాగర్‌లోకి మురుగు మోసుకొచ్చే నాలుగు పెద్ద నాలాల్లో ఒకటి నీ పేరుదే. కూకట్‌పల్లి నాలా ఫ్యాక్టరీల రసాయనాలు మోస్తే, నీ నాలా ఇళ్ల మురుగు మోస్తుంది. సాగర్‌ను శుభ్రం చేస్తామని ఎన్ని ప్రభుత్వాలు ఎంత ఖర్చు పెట్టినా, ఆ పని పూర్తి కానివ్వకుండా కాపాడుతున్నవాళ్లలో నీకూ స్థానం ఉంది.

నిన్ను చూడవచ్చేవాళ్లకు కేబీఆర్ పార్కు చూపించకుండా పంపకూడదు. ముకర్రం జా చిరాన్ ప్యాలెస్ ఉన్న ఆ అడవిని 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి పేరిట జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. జాతీయ ఉద్యానాల్లో అతి చిన్న వాటిలో ఇదొకటి, చదరపు కిలోమీటరున్నర కూడా లేదు. అయినా అందులో నెమళ్లున్నాయి, ముంగిసలున్నాయి, పాములున్నాయి. దక్కను గుట్టల మీద ఒకప్పుడు అంతటా పెరిగిన సీతాఫలం, వేప, మోదుగ ఇంకా ఉన్నాయి. నువ్వు మొదట్లో ఎలా ఉండేదానివో తెలుసుకోవాలంటే ఈ కంచె లోపలికి వెళ్లాలి. తెల్లవారుజామున నీ బిడ్డలు అక్కడ నడుస్తారు. అక్కడిదాకా నడవడానికి ఫుట్‌పాత్ లేదు కాబట్టి కార్లలో వచ్చి నడుస్తారు. ఫుట్‌పాత్ మీద జనరేటర్లు, ర్యాంపులు, సెక్యూరిటీ గదులు, కుండీలు ఉంటాయి. లోపల చెట్ల కింద గాలి పీల్చి, బయట ఇంజన్ పొగ వదిలి వెళ్తారు. నీ ఊపిరితిత్తులు అవే అని పత్రికలు ఎప్పుడూ రాస్తుంటాయి, అది అక్షరాలా నిజం.

ఆ ఊపిరితిత్తుల చుట్టూ రక్షణగా పర్యావరణ సున్నిత ప్రాంతం ఎంత ఉండాలని 2020లో లెక్క తేల్చారు. కొన్నిచోట్ల 29.8 మీటర్లు, కొన్నిచోట్ల మూడంటే మూడు మీటర్లు. ఒక కారు పొడవు కంటే తక్కువ. ఆ మూడు మీటర్లలో ఇమిడిపోవడం నేర్చుకున్న నెమళ్లను కూడా ఈ స్తుతిలో చేర్చుకోవాలి. పార్కు చుట్టూ కూడళ్లలో ఫ్లైఓవర్లు కడతామని ఒక పథకం వస్తే, 2016లో నీ వాళ్లే చాలామంది రోడ్డెక్కి చెట్ల కోసం నిలబడ్డారు. కోర్టుల దాకా పోరాడారు, ఆపించారు. అది నీ చరిత్రలో నేను అన్నిటికంటే ఇష్టంగా తలచుకునే ఘట్టం. 2024లో అండర్‌పాస్‌లూ ఫ్లైఓవర్లూ అన్న మాట మళ్లీ మొదలైంది. కార్లు ఆగకుండా పోవాలి గదా. ఆ కార్లు ఎవరివి అన్న ప్రశ్న వేసేవాళ్లు మాత్రం తక్కువ.

నిన్ను మొత్తం చూశామనుకునేవాళ్లు రోడ్డు నంబర్ 36లో షోరూములు చూస్తారు, నగల దుకాణాలు చూస్తారు, పబ్బుల ముందు దీపాలు చూస్తారు. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు హీరోల ఇళ్ల గేట్ల ముందు గంటల కొద్దీ నిలబడి ఫోన్లలో గోడల ఫొటోలు తీసుకుంటారు. పెద్దమ్మ గుడిలో మొక్కు తీర్చుకుంటారు, తీగల వంతెన మీదుగా దుర్గం చెరువు దాటుతారు. ఆ వంతెన 2020లో వచ్చాక నువ్వు హైటెక్ సిటీకి పక్కింటిదానివయ్యావు. రోడ్డు నంబర్ 12లో పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్ 2022 ఆగస్టులో తెరుచుకుంది, నగరమంతా కెమెరాల్లో అక్కడికే చేరుతుంది. ఇవన్నీ చూడదగ్గవే.

ఇంత వైభవాన్ని రోజూ తెల్లారేసరికి తుడిచి, కడిగి, వండి, కాపలా కాసి నిలబెట్టేవాళ్లుండేది నీ మడతల్లోనే. నందినగర్, ఎన్‌బీటీ నగర్, సింగాడికుంట, ఫిల్మ్‌నగర్‌లో జ్ఞానీ జైల్‌సింగ్ నగర్, నీ కొండ వాలుకు అంటుకున్న బస్తీలు ఇలా ఎన్నో. రాళ్లు కొట్టడానికి వచ్చిన వడ్డెరలు, మేస్త్రీ పనికి పాలమూరు నుంచి వచ్చిన కూలీలు, ఇంటిపనికి కుదిరిన ఆడవాళ్లు, డ్రైవర్లు, వాచ్‌మన్‌లు అక్కడే బతుకుతారు. సినిమాలో గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టు కృష్ణానగర్‌లో అద్దె గదిలో ఉంటాడు. స్టూడియో నుంచి నడిచి పోయేంత దగ్గర, అద్దెను బట్టి చూస్తే ఏడు సముద్రాల దూరం. బంగళాకు గుట్టను చదును చేస్తే అది అభివృద్ధి. అదే గుట్ట అంచున బస్తీవాడు రేకుల కప్పు వేస్తే ఆక్రమణ. ప్రభుత్వ భూమి హద్దుల దగ్గర నీకున్న ఈ సూక్ష్మదృష్టి న్యాయశాస్త్రంలో ఏళ్ల తరబడి చదివినా రాదు. బుల్డోజర్ ఎప్పుడు వచ్చినా సందు చివరిదాకా దారి తెలిసి వస్తుంది, పొరపాటున కూడా పెద్ద గేటు ముందు ఆగదు.

నీ చెల్లెలి పేరుతో ఒక శాసనసభ నియోజకవర్గం ఉంది. ఆ పేరు విని లోపలంతా బంగళాలే ఉంటాయనుకుంటారు. అందులో ఎక్కువ భాగం బోరబండ, రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డ. నీ చెల్లెలి బంగళాలు చాలావరకు ఖైరతాబాద్ నియోజకవర్గంలోకి వస్తాయి. అంటే ఇరుకు గదుల్లో ఉండేవాళ్లకు ఇంటి ముందు రోడ్డు పడకపోయినా, డ్రైనేజీ సరిగా లేకపోయినా, ఓటరు చీటీ మీద మాత్రం జూబ్లీహిల్స్ అని ఉంటుంది. నీ దానాల్లో ఇంత ఖర్చు లేనిది ఇంకొకటి లేదు.

అసలు హక్కుదారుల మాట చివరికి రాక తప్పదు. ఎడ్ల బారుల మీద ధాన్యం, ఉప్పు మోసి దేశమంతా తిరిగిన బంజారాలు, సైన్యాలకు తిండి అందించినవాళ్లు, ఈ గుట్టల్లో మసలారు. పశువులు మేపుకున్నారు. వాళ్ల ఇళ్లు ఎటు పోయాయో నీ ఏ రోడ్డూ చెప్పదు. వాళ్ల బిడ్డలు ఇప్పుడు నల్లగొండ తండాల నుంచి, దేవరకొండ వైపు నుంచి బస్సెక్కి వచ్చి నీ భవనాలకు ఇటుక మోస్తున్నారు. 2022 సెప్టెంబర్ 17న రోడ్డు నంబర్ 10లో సేవాలాల్ బంజారా భవన్ తెరిచారు. పక్కనే కుమ్రంభీం ఆదివాసీ భవన్. నవాజ్ జంగ్ ఇల్లు ‘బంజారా భవన్’ అయిన ఇన్ని దశాబ్దాల తర్వాత, బంజారాలకు నీ దగ్గర కాలు మోపడానికి ఒక చోటు వచ్చింది. కోట్ల రూపాయల భూమి మీద ఒక సభామందిరం. దానికి నేను సంతోషిస్తున్నాను, మనస్ఫూర్తిగానే. ఆలస్యమైనా ఇచ్చావు కాబట్టి ఇంకాస్త ఇస్తావని ఆశ పుట్టింది.

ఏ స్తోత్రానికైనా కోరిక ఉంటుంది. నాది ఇదీ. కేబీఆర్ చుట్టూ మిగిలిన చెట్లను, రోడ్డు కోసమైనా, వంతెన కోసమైనా కొట్టవద్దు. 2016లో నిలబడ్డవాళ్లు ఇంకా నీ దగ్గరే ఉన్నారు, వాళ్ల మాట విను. జాబితాకు ఎక్కిన తొమ్మిది చోట్లకూ చట్టంలో మళ్లీ రక్షణ ఇప్పించు. నీ గుమ్మంలో కూర్చున్న పెద్దలకు అది ఒక సాయంత్రం పని. నాలాలోకి మురుగు వదిలే ప్రతి భవనానికీ శుద్ధి యంత్రం పెట్టించు, పెట్టామని కాగితం చూపేవాళ్ల దగ్గర అది నడుస్తోందో లేదో చూడు. ఎన్‌బీటీ నగర్‌లో, సింగాడికుంటలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్ల ఇళ్లకు పట్టాలు ఇప్పించు. వచ్చే ఏడు కొత్తగా ఇల్లు కట్టబోయేవాడు ప్లాను పట్టుకొని వస్తే, బండ ఎక్కడుందో ముందు చూసి, తర్వాతే గోడ గీయమని చెప్పు.